రేకు మందాన్ని కాగితం మీద ఎలా రాయించుకోవాలి?

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది కోనసీమలో అమలాపురం దగ్గర ఒక పల్లె. మావారు కువైట్‌లో ఉద్యోగం చేస్తారు. ఇంటి పనంతా నేనే దగ్గరుండి చూసుకుంటున్నాను. డాబా మీద 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పుతో రేకుల షెడ్డు వేయిద్దామని ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాను. ఒకాయన ‘26 గేజ్ కలర్ రేకు’ అని రాశారు. రెండో ఆయన ‘0.50 ఎంఎం’ అని రాశారు. మూడో ఆయన ‘0.45 ఎంఎం బేస్, ఏజెడ్ 150, 550 గ్రేడ్’ అని రాశారు. చిత్రంగా, 0.45 రాసినాయన రేటే అందరికన్నా ఎక్కువ. తక్కువ మందానికి ఎక్కువ డబ్బు ఎందుకివ్వాలని మిగతా ఇద్దరినీ అడిగితే ‘అవన్నీ మీకు అర్థం కావు మేడమ్’ అంటున్నారు. గేటుకి 18 గేజ్ రేకు చాలంటున్నారు. సముద్రం మాకు దగ్గరే. తుపాను అంటేనే టెన్షన్. నేను ఏం రాయించుకోవాలి, వచ్చిన సరుకు అదేనని ఎలా తెలుసుకోవాలి?

సమాధానం:

అమ్మా, ఇందులో మీకు అర్థం కానిదంటూ ఏమీ లేదు. గుణకారం వస్తే చాలు. ముప్పై ఏళ్లకు పైగా షెడ్ల పనులు చేయించినవాడిగా చెబుతున్నాను, మీకు కొటేషన్ ఇచ్చిన ముగ్గురిలో రేకు గురించి పూర్తిగా రాసింది మూడో ఆయన ఒక్కరే. ఆయన రాసిన 0.45, రెండో ఆయన రాసిన 0.50 కన్నా నిజానికి మందంగా ఉండే అవకాశమే ఎక్కువ. మొదటి ఆయన రాసిన 26 గేజ్ ఎన్ని మిల్లీమీటర్లో ఆ కాగితం చూసి ఎవరూ చెప్పలేరు.

కలర్ రేకు చేత్తో పట్టుకుంటే ఒకే ముక్కలా ఉంటుంది గానీ అందులో పొరలున్నాయి. మధ్యలో ఉక్కు. దానికి రెండు వైపులా తుప్పు పట్టకుండా అల్యూమినియం, జింకు కలిపిన పూత. ఆపైన ప్రైమరు, రంగు. గాలికి వంగకుండా నిలబడేది, స్క్రూ దగ్గర చిరగకుండా పట్టుకునేది మధ్యలో ఉన్న ఉక్కు. దాని మందాన్నే బేస్ మెటల్ థిక్‌నెస్ అంటారు, మన ఫ్యాబ్రికేటర్లు ‘బేస్’ అని పొట్టిగా అంటారు. పూతలన్నీ కలిపి కొలిస్తే వచ్చేది టోటల్ థిక్‌నెస్. ఏజెడ్ 150 అంటే చదరపు మీటరు రేకుకి రెండు వైపులా కలిపి 150 గ్రాముల పూత ఉందని అర్థం. ఆ పూతలో 55 శాతం అల్యూమినియం, 43 శాతం పైచిలుకు జింకు, మిగిలిన కొంచెం సిలికాన్. ఈ 150 గ్రాములు పరుచుకుంటే ఒక్కో వైపు సుమారు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే రెండు వైపులా కలిపి 0.04 మి.మీ. రంగు పై వైపు 20 నుంచి 25 మైక్రాన్లు, అడుగు వైపు 5 నుంచి 10 మైక్రాన్లు ఉంటుంది. అది మరో 0.03 మి.మీ. అనుకోండి. మొత్తం మీద పూతలే 0.07 మి.మీ.

ఇప్పుడు మీ కొటేషన్లు మళ్లీ చూడండి. మూడో ఆయన 0.45 బేస్ అన్నారు కాబట్టి పూతలతో కలిపి ఆయన రేకు 0.52 దాకా వస్తుంది. రెండో ఆయన 0.50 అని ఊరుకున్నారు. బజారులో అలా ఊరుకుంటే అది దాదాపు ఎప్పుడూ టోటలే. ఏజెడ్ 150 పూత ఉంటే అందులో ఉక్కు 0.43. పూత పల్చగా వేసిన రేకు అయితే ఉక్కు 0.45 దాకా ఉండొచ్చు, కానీ అప్పుడు మీ సముద్రపు గాలికి అది తొందరగా తుప్పు పడుతుంది. రెండిట్లో ఏదో ఆ కాగితం చెప్పడం లేదు. అందుకని ఆయన్ని ఒక్క ప్రశ్న అడగండి: ‘ఇది బేసా, టోటలా?’ ఆ మాట మీ నోట వినగానే చాలామంది సర్దుకుని కూర్చుంటారు.

ఇక గేజ్ సంగతి. ఈ పద్ధతి తీగలు లాగే పనిలోంచి పుట్టింది. ఇనుప తీగను చిన్న చిన్న రంధ్రాల గుండా ఎన్నిసార్లు లాగితే అంత సన్నబడుతుంది. ఎన్నోసారి లాగారో ఆ అంకె తీగకు పేరైంది. అంకె పెరిగేకొద్దీ మందం తగ్గడం అందుకే. బ్రిటన్‌లో 1884లో ఒక స్టాండర్డ్ వైర్ గేజ్‌ను చట్టబద్ధం చేశారు. 1893లో అమెరికా కాంగ్రెస్ రేకులకు వేరే పట్టిక పెట్టింది. జింకు పూత రేకుకు ఒకటి, అల్యూమినియానికి ఇంకొకటి వచ్చాయి. ఏ పట్టికలోనైనా 22 గేజ్ అనే పేరుంటుంది, మందం మాత్రం ఒకటి కాదు. బ్రిటిష్ పట్టికలో 22 గేజ్ అంటే 0.71 మి.మీ. అమెరికా ఉక్కు రేకు పట్టికలో 0.76, జింకు పూత రేకు పట్టికలో 0.85. అల్యూమినియం అయితే 0.64. మన దేశంలో ఏసీ డక్టులు చేసేవాళ్లు 22 గేజ్ అంటే 0.80 అనుకుంటారు. 24 అంటే 0.63, 20 అంటే 1.00, 18 అంటే 1.25 అని వాళ్ల లెక్క. మీకు రాసిచ్చిన 26 గేజ్ కూడా ఇలాంటిదే. అది 0.46 కావచ్చు, 0.50 కావచ్చు, 0.55 కూడా కావచ్చు. అమ్మేవాడు తనకు లాభమైన పట్టిక తీసుకుంటాడు, కొనేవాడు తనకు నచ్చింది ఊహించుకుంటాడు.

ఇది నాకు డబ్బు పోగొట్టుకుంటే గానీ తెలియలేదు. పనిలోకి వచ్చిన కొత్తలో తాడేపల్లిగూడెం వైపు ఒక రైసు మిల్లు షెడ్డుకి వాననీటి గట్టర్లు చేయించాలి. ఆర్డరు కాగితం మీద ‘22 గేజ్ జీఐ’ (జీఐ అంటే జింకు పూత రేకు) అని రాసి పంపాను. నా మనసులో ఉన్నది 0.80. వచ్చిన రేకు కొలిస్తే 0.70 కూడా లేదు. దుకాణానికి వెళ్లి గొడవపడ్డాను. ఆయన గట్టిగా ఒక్క మాట కూడా అనకుండా సొరుగులోంచి పాత పట్టిక తీసి ముందు పెట్టారు. 22 ఎదురుగా 0.711 అని ఉంది. దాని మీద రేకు తయారుచేసే మిల్లు వదిలేసే కాస్త తేడా పోను ఆయన ఇచ్చింది సరైన సరుకే. తప్పు నాది, నేను రాసిన కాగితానిది. మొదటి పెద్ద వర్షానికే గట్టర్లు బ్రాకెట్ల మధ్య కిందికి జారి నీళ్లు నిలిచాయి. ప్రతి రెండు బ్రాకెట్ల మధ్య ఇంకో బ్రాకెట్ నా ఖర్చుతో వేయించాను. ఆ తర్వాత నా చేతి మీదుగా వెళ్లిన ఏ కాగితంలోనూ గేజ్ అనే మాట రాయలేదు.

కాబట్టి మీ ఒప్పందం కాగితంలో గేజ్ ఎక్కడ ఉన్నా కొట్టేయించి మిల్లీమీటర్లు రాయించండి. పైకప్పు రేకుకి నేనైతే ఇలా రాయిస్తాను: ‘ముందే రంగు వేసిన అల్యూమినియం-జింకు పూత ఉక్కు రేకు, భారత ప్రమాణం ఐఎస్ 15965 ప్రకారం. ఉక్కు మందం, అంటే బేస్, 0.45 మి.మీ. పూత ఏజెడ్ 150. గ్రేడ్ 550. పై రంగు ప్రైమరుతో కలిపి 20 మైక్రాన్లకు తగ్గకూడదు. సరుకుతోపాటు కాయిల్ (రేకు చుట్ట) నంబరు ఉన్న మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ ఇవ్వాలి. సరుకు దిగిన రోజు మా సమక్షంలో తూకం వేయాలి. తూకం తగ్గితే సరుకు వెనక్కి.’ ఇంతే. సగం పేజీ కూడా కాదు. గ్రేడ్ 550 అంటే ఏమిటంటారేమో, అది ఉక్కు బలం అంకె. మామూలు మెత్తని రేకు 250 గ్రేడు దగ్గర ఉంటుంది. అదే మందంలో 550 గ్రేడు రేకు వంగి మడత పడడానికి ఎక్కువ బరువు కావాలి. అంటే మందం ఒక్కటే రాసి గ్రేడు రాయకపోయినా కాగితంలో పెద్ద ఖాళీ మిగిలినట్టే.

తూకం గురించి రాశాను కదా, మీ ప్రశ్నలో నాకు ముఖ్యమనిపించిన భాగం అదే. ‘వచ్చిన సరుకు అదేనని ఎలా తెలుసుకోవాలి’ అన్నారు. స్క్రూగేజ్‌తో కొలవొచ్చు, మీ ఊళ్లో లేత్ మెషీన్ ఉన్నవాళ్ల దగ్గర ఉంటుంది. కొలిస్తే రేకు మడతల మీద కాకుండా చదునుగా ఉన్నచోట, అంచు నుంచి అంగుళం లోపలికి కొలవాలి. అలా నాలుగైదు చోట్ల చూడాలి. కానీ స్క్రూగేజ్ చూపేది రంగుతో సహా టోటల్. పైగా ఆ పరికరం పట్టడం అలవాటు లేకపోతే 0.02 తేడా సులువుగా వచ్చేస్తుంది. మనకు కావలసిన తేడాయే అంత ఉంటే దాని మీద ఎలా ఆధారపడతాం? తూకం అలా కాదు. పల్లెలో కూడా కాటా ఉంటుంది.

ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి: 7.85. ఒక మిల్లీమీటరు మందం, ఒక చదరపు మీటరు ఉక్కు 7.85 కిలోలు. బేస్ 0.45 అయితే ఉక్కు 3.53 కిలోలు. దానికి పూత 0.15 కిలో, రంగు 0.04 కిలో కలిపితే చదరపు మీటరుకి 3.72 కిలోలు. ఇక్కడే ఒక జాగ్రత్త ఉంది. మీకు వచ్చే రేకు గుట్టలూ పల్లాలుగా మడిచి ఉంటుంది. కప్పేది సుమారు మీటరు వెడల్పే అయినా, మడవకముందు అది సాధారణంగా 1.22 మీటర్ల కాయిల్. లెక్క మడవకముందు వెడల్పుతోనే కట్టాలి. ఏ వెడల్పు కాయిల్ వాడారో ముందే అడగండి. 1.22 అయితే మీటరు పొడవు రేకు 4.54 కిలోలు తూగాలి. 16 అడుగుల రేకు, అంటే 4.88 మీటర్లు, సుమారు 22 కిలోలు. రెండో ఆయన 0.50 టోటల్ రేకు, ఏజెడ్ 150 పూతతో, 21 కిలోల చిల్లర వస్తుంది. ‘0.50’ అని చెప్పి 0.42 టోటల్ ఇచ్చారనుకోండి, అప్పుడు బేస్ 0.35. అదే 16 అడుగుల రేకు పదిహేడున్నర కిలోలే తూగుతుంది. ఒక్క రేకులో నాలుగున్నర కిలోలు కనబడకపోవచ్చు. పది రేకులు ఒకేసారి కాటా మీద పెడితే 222 కిలోలు రావాల్సిన చోట 175 వస్తే అది ఎవరి కంటికైనా ఆనుతుంది. మిల్లులు కూడా మందంలో కొంచెం అటూ ఇటూ వదులుతాయి కాబట్టి రెండు మూడు శాతం తేడాకి గొడవ పెట్టుకోకండి. పది శాతం తగ్గితే మాత్రం లారీ దించనివ్వకండి.

కొటేషన్లు పోల్చేటప్పుడు కూడా ఇదే లెక్క పనికొస్తుంది. చదరపు అడుగు రేటు ముగ్గురిదీ మూడు రకాలుగా ఉంది. ప్రతి ఒక్కరి రేకు చదరపు మీటరుకి ఎన్ని కిలోలు వస్తుందో కట్టి, రేటును కిలోకి మార్చి చూడండి. ఖరీదు అనిపించిన మూడో ఆయన రేటు కిలో లెక్కన మిగతా ఇద్దరితో సమానంగా వచ్చినా నాకు ఆశ్చర్యం ఉండదు. అయితే తూకంతో తెలియనిది ఒకటుంది, పూత ఎంతన్నది. పూత సగానికి తగ్గినా చదరపు మీటరుకి తగ్గే బరువు 75 గ్రాములే. దానికోసమే మిల్లు సర్టిఫికెట్ అడగమన్నాను. పేరున్న కంపెనీల రేకు అడుగు వైపు కంపెనీ పేరు, మందం, పూత, కాయిల్ వివరాలు వరసగా అచ్చేసి ఉంటాయి. సర్టిఫికెట్ మీదున్న నంబరూ ఆ అచ్చూ కలుస్తున్నాయో లేదో చూసి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ‘ఇది వైజాగ్ స్టీల్ రేకు’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. విశాఖ ఉక్కు కర్మాగారం కడ్డీలు, వైరు రాడ్లు, యాంగిల్సు లాంటివి చేస్తుంది. రేకులు చేయదు.

ఇప్పుడు మీ భయం దగ్గరికి వస్తాను. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను ఏం చేసిందో మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు విమానాశ్రయం పైకప్పే దెబ్బతింది. ఇలాంటి గాలికి రేకు మందం ఒక్కటే కాపాడదు, ఇది మీరు గట్టిగా గుర్తుంచుకోవాలి.

గాలి లెక్కలకు మన దేశంలో ఐఎస్ 875 మూడో భాగం వాడతారు. అందులో లెక్కకు ఆధారంగా తీసుకునే గాలివేగం విశాఖపట్నానికి, విజయవాడకు సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44, కర్నూలుకు 39. సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరు మీద వేసే ఒత్తిడి 1500 న్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల బరువంత. అంచుల్లో, మూలల్లో పీల్చే బలం ఇంకా ఎక్కువ. మీది డాబా మీద షెడ్డు కాబట్టి నేల మీది షెడ్డు కన్నా ఎత్తులో ఉంటుంది. పక్కలు తెరిచి ఉంటే కింద నుంచి కూడా గాలి ఎత్తుతుంది. చదరపు మీటరు రేకు బరువు నాలుగు కిలోలు కూడా లేదని ఇందాకే చూశాం. దాన్ని పట్టి ఉంచేది స్క్రూలు, స్క్రూలను పట్టి ఉంచేది పర్లిన్లు (రేకు కింద అడ్డంగా వేసే ఇనుప ట్యూబులు), పర్లిన్లను పట్టి ఉంచేది కింది ఫ్రేము, దాన్ని పట్టి ఉంచేది మీ స్లాబులోకి దిగిన బోల్టులు. రేకు 0.45 నుంచి 0.50 చేస్తే బలం పదకొండు శాతం పెరుగుతుంది. అదే పర్లిన్ల మధ్య దూరం 5 అడుగుల నుంచి 4 అడుగులకు తగ్గిస్తే, గాలి వల్ల రేకులో పుట్టే వంపు శక్తి 36 శాతం తగ్గుతుంది. దూరం తగ్గితే దాని వర్గం లెక్కన తగ్గడమే దీనికి కారణం. ఒక్కో స్క్రూ మీద పడే లాగుడు కూడా ఐదో వంతు తగ్గుతుంది. మీ 30 అడుగుల వెడల్పుకి 5 అడుగుల దూరమైతే 7 వరసలు, 4 అడుగులు దాటకూడదంటే 9 వరసలు. రెండు వరసలు ఎక్కువ, వరసకి 40 అడుగులు. 50 బై 50, 2 మి.మీ. మందం ట్యూబు అనుకుంటే 73 కిలోల ఇనుము. నా దగ్గర మిగిలిన డబ్బు కొంచెమే ఉంటే రేకు మందం పెంచడానికి పెట్టను, ఈ రెండు వరసలకే పెడతాను.

ఆస్ట్రేలియాలో డార్విన్ అనే ఊరిని 1974 డిసెంబరులో క్రిస్మస్ ముందు రోజు రాత్రి ట్రేసీ తుపాను తుడిచిపెట్టింది. ఎగిరిపోయిన పైకప్పులను ఇంజనీర్లు తర్వాత పరిశీలిస్తే చాలాచోట్ల స్క్రూలు పర్లిన్‌లోనే ఉన్నాయి, రేకే వాటి తలల మీదుగా ఊడి పోయింది. గంటల తరబడి గాలి విసిరి విసిరి కొట్టడంతో స్క్రూ చుట్టూ రేకు పగుళ్లు వచ్చి చిరిగింది. తీగను అటూ ఇటూ పదే పదే వంచితే తెగినట్టే అన్నమాట. పల్చని గట్టి రేకుకు ఈ ప్రమాదం ఎక్కువ. అప్పటినుంచి అక్కడ రేకులను ఒక్కసారి బరువు పెట్టి కాకుండా వేల సార్లు లాగి వదిలి పరీక్షించడం మొదలుపెట్టారు, తుపాను ప్రాంతాల్లో స్క్రూ కింద పెద్ద వాషర్లు వాడడం అలవాటైంది. మీ షెడ్డుకి కూడా ప్రతి గుట్ట మీదా స్క్రూ వేయించండి. ఒక గుట్ట వదిలి ఒక గుట్ట చాలంటారు, ఒప్పుకోకండి. వాషరు వెడల్పుగా ఉండేది అడగండి. స్క్రూ బిగించినప్పుడు రబ్బరు వాషరు కొంచెం నొక్కుకోవాలి, నలిగి బయటికి రాకూడదు.

పర్లిన్ ట్యూబు మందంలో కూడా రేకులాంటి మోసమే జరుగుతుంది, స్క్రూ మరలు పట్టుకునేది ఆ ట్యూబు గోడనే కాబట్టి అది కూడా అంతే ముఖ్యం. 50 బై 50, 2 మి.మీ. ట్యూబు 20 అడుగుల ముక్క సుమారు 18 కిలోలు తూగాలి. 15 కిలోల లోపు తూగితే అది 1.6 మి.మీ. పర్లిన్ సైజు ఎంతుండాలి, స్తంభాలు ఎంత దూరంలో ఉండాలి, స్లాబులో బోల్టులు ఎక్కడ దించాలి అన్నవి మాత్రం నా జవాబు మీద ఆధారపడి చేయకండి. ఇల్లు డిజైను చేసిన ఇంజనీరును ఒకసారి డాబా మీదికి తీసుకెళ్లండి. ఆయనకిచ్చే ఫీజు మీ మొత్తం ఖర్చులో చాలా చిన్నది.

సముద్రం దగ్గర తుప్పు మొదలయ్యేది రేకు మధ్యలో కాదు. కోసిన అంచుల దగ్గర, స్క్రూ రంధ్రాల దగ్గర మొదలవుతుంది. ఉక్కు మందం పెంచినా దానికి ఆగదు, పూతే ఆపాలి. ఏజెడ్ 150 కన్నా తక్కువ పూత మీ ఊరికి వద్దు. చాలా కంపెనీలు సముద్రానికి ఎంత దూరంలో ఉంటే వారంటీ ఇస్తాయో రాసి ఉంచుతాయి, మీ ఊరి దూరం చెప్పి ఆ కాగితం అడిగి తీసుకోండి. సైటు మీద రేకును గ్రైండర్‌తో కోయనివ్వకండి. ఆ నిప్పురవ్వలు రంగు మీద పడి అతుక్కుంటాయి, నెల తిరక్కుండా అక్కడ తుప్పు చుక్కలు లేస్తాయి. రేకు కత్తెరతోనో, రేకును కొరుకుతూ కోసే నిబ్లర్ మెషీన్‌తోనో కోయించండి. డ్రిల్లింగ్ పొట్టు సాయంత్రం పని అయ్యాక చీపురుతో ఊడిపించండి. తడి సిమెంటు, సున్నం పడితే వెంటనే కడిగించండి, ఈ పూతకు అవి పడవు. ఇది చదివే మరొకరెవరైనా పశువుల పాకకో కోళ్ల షెడ్డుకో ఈ రేకు అనుకుంటుంటే ఆగి కంపెనీని అడగండి. పేడ, పెంట నుంచి వచ్చే అమ్మోనియా ఆవిరి అల్యూమినియం-జింకు పూతను తినేస్తుంది.

గేటు విషయంలో 18 గేజ్ అన్నారు. ఆ అంకె దగ్గర ఉక్కు పట్టికలు దాదాపు కలుస్తాయి, 1.2 మి.మీ. అటూ ఇటూ. అయినా మిల్లీమీటర్లే రాయించండి. గేటు రేకు చదునుగా ఉంటుంది కాబట్టి ఇక్కడ మందం లెక్క పైకప్పులా కాదు. గుట్టలున్న రేకులో మందం పది శాతం పెరిగితే గట్టిదనం పది శాతమే పెరుగుతుంది. చదును రేకులో గట్టిదనం మందం ఘనం లెక్కన పెరుగుతుంది. 1.2 నుంచి 1.6కి వెళ్తే గట్టిదనం రెండింతలు దాటి 2.4 దగ్గరికి వస్తుంది. 1.2 మి.మీ. రేకును పెద్ద పలకగా వేస్తే వెల్డింగు వేడికే అలలు అలలుగా లేస్తుంది, గేటు వేసినప్పుడల్లా డబ్బాలా మోగుతుంది. మీ గేటు డిజైనులో రెండడుగులకొక పట్టీ, చిన్న చిన్న పలకలు ఉంటే 1.2 చాలు. పెద్ద పలకలు పెట్టాలనుకుంటే 1.6 అడగండి. సరిచూడడానికి తూకమే: 8 బై 4 అడుగుల రేకు 1.2 మి.మీ. అయితే 28 కిలోలు, 1.6 అయితే 37 కిలోలు. జింకు పూత రేకుతో చేయిస్తే వెల్డింగు పడ్డచోట జింకు కాలిపోతుంది, ఆ మచ్చల మీద జింకు ఎక్కువగా ఉండే ప్రైమరు రెండు కోట్లు వేయించాక రంగు వేయించండి. వెల్డరు ఆ పొగ పీల్చకుండా ఆరుబయట చేసేలా చూడండి.

రెండో ఆయన్ని, మొదటి ఆయన్ని వదులుకోనక్కర్లేదు. పైన రాసిన ఒప్పందం వాక్యాలే ముగ్గురికీ ఒకే కాగితంగా పంపి, అదే సరుకుకి రేటు మళ్లీ అడగండి. ఎవరు రాసి సంతకం పెడతారో చూడండి. ‘మా మీద నమ్మకం లేదా మేడమ్’ అని ఎవరైనా అంటే, కువైట్‌లో ఉన్న మనిషికి చూపించాలి, రాసివ్వండి అని చెప్పండి.

సరుకు దిగిన రోజు ఇంకో పని ఉంది. రేకులు కట్టగా ఉన్నప్పుడు వాటి మధ్యకు వాన నీరు చేరితే బయటికి పోవడానికి దారి ఉండదు. వారం పది రోజుల్లో పూత మీద తెల్లని, నల్లని మచ్చలు వస్తాయి, అవి మళ్లీ పోవు. బిగించడం ఆలస్యమయ్యేలా ఉంటే కట్టలను ఒక వైపు కొంచెం ఎత్తు ఉండేలా చెక్క దుంగల మీద పెట్టించి, పైన టార్పాలిన్ కప్పి, పక్కల నుంచి గాలి ఆడేలా వదలండి. తడిసిన కట్ట ఉంటే ఆ రోజే విప్పించి, రేకు రేకునీ విడదీసి నీడపట్టున ఆరబెట్టించండి.